గట్టు మీద కొలువున్న ఓవెన్ గారికి

మహారాజశ్రీ మైక్రోవేవ్ కన్వెక్షన్ ఓవెన్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క ముద్దపప్పు డబ్బా తప్ప. ఫ్రిజ్ పక్కన గట్టు మీద తమరు కూడా క్షేమమేనని తలుస్తాను. నిన్న ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా తమరి కడుపులో అంటుకున్న ప్లాస్టిక్కు, పప్పు గీకుతూ కూర్చున్నది నేనే కాబట్టి ఆ సంగతి నాకు తెలియకపోదు.

జరిగింది మీకు తెలుసు, అయినా చెప్తాను. బాబు పుట్టినరోజని 180 డిగ్రీల్లో కేకు పెట్టాను. ఇంట్లో అందరూ మెచ్చుకునేలా ఇచ్చారు, కాదనను. కేకు తీసిన ఐదు నిమిషాలకే మా ఆడపడుచు వాళ్లు దిగారు, భోజనాల వేళ, పప్పేమో చల్లగా ఉంది. అడుగున అలల గుర్తు, దాని పక్కనే మైక్రోవేవ్ సేఫ్ అన్న ముద్ర ఉన్న డబ్బాలోనే పెట్టి రెండు నిమిషాలు తిప్పాను. బటన్ కూడా సరైనదే నొక్కాను, ఒట్టు. తీరా తలుపు తీస్తే డబ్బా అడుగు మెత్తబడి, గాజు పళ్లేనికి అతుక్కుని, ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. పప్పు వలవలా కారిపోతోంది. ఇల్లంతా రబ్బరు చెప్పులు కాల్చిన వాసన.

నా బాధ డబ్బా గురించి కాదండీ, అలాంటివి ఇంకో ఆరున్నాయి. నా బాధంతా మీరు ఒక్కరు కాదని, ఒకే తలుపు వెనక ఇద్దరు కాపురం ఉంటున్నారని నాకు ఎవరూ చెప్పకపోవడం గురించి. మొదటాయన మైక్రోవేవ్, ఈయనకి స్టీలంటే గిట్టదు. మా ఇంట్లోనేమో ప్రతి గిన్నె మీదా గృహప్రవేశానికి ఫలానావారు, ఓణీల ఫంక్షన్‌కి ఫలానావారు అని పేర్లు చెక్కి ఉంటాయి, అన్నీ స్టీలే. అందులో ఒక్కటి పెడితే చాలు, లోపల దీపావళి. సరే, ప్లాస్టిక్ డబ్బాలు కొన్నాం. రెండో ఆయన కన్వెక్షన్. ఈయన కాయిల్ కాల్చి, ఫ్యాన్‌తో వేడిగాలి తిప్పుతాడు. ఈయనకి అల్యూమినియం కేకు గిన్నె ముద్దొస్తుంది, ప్లాస్టిక్ పెడితే కరిగించి చేతిలో పెడతాడు. అలల గుర్తు మొదటాయనతో మాట్లాడుకుని వేసిందట, రెండో ఆయనకి దాంతో సంబంధం లేదట! పోనీ రెండో ఆయన పని అయిపోయింది కదా, మొదటాయన్ని పిలిచాం కదా అంటే, ఆ రెండో ఆయన వదిలివెళ్లిన వేడి గోడల్లో, పళ్లెంలో అలాగే ఉంటుందట. అరగంట తలుపు తీసి ఆరబెట్టి, అప్పుడు పెట్టాలట.

ఇక ఇద్దరూ కలిసి పనిచేసే కాంబినేషన్ మోడ్ అని ఒకటుంది. అందులో మా స్టీలూ వద్దు, మా ప్లాస్టిక్కూ వద్దు. మీతోపాటు పుట్టింటి నుంచి వచ్చిన ఇనప స్టాండు మాత్రం దర్జాగా లోపల కూర్చోవచ్చు. కూతురికో న్యాయం, కోడలికో న్యాయం అని మా అత్తగారిని అన్నానని ఒకసారి పెద్ద గొడవైంది, ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇవన్నీ నేర్పడానికి డెమో అబ్బాయి వస్తాడన్నారు. కొన్న నాలుగు రోజుల్లో వస్తాడన్నారు. రెండేళ్లయింది, బాబు ఎల్‌కేజీ నుంచి ఒకటో తరగతికి వచ్చేశాడు.

చూడు, ఇక మర్యాదలు చాలు, నువ్వనే అంటాను. మూడు నిమిషాల పాలకి అపార్ట్‌మెంట్ మొత్తం లేచేలా ఐదుసార్లు బీప్ బీప్ మని కొడతావే, లోపల నిప్పుల కుంపటి పెట్టుకుని 'అమ్మా, ఇంకా కాలుతున్నాను' అని ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదా? కేకు అయ్యాక ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, అదే చెప్పడమంటావా? ఎవడికి అర్థమవుతుంది ఆ భాష! 1945లో రాడార్లకి మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ దగ్గర నిలబడ్డ పెర్సీ స్పెన్సర్ అనే ఆయన జేబులో చాక్లెట్ కరిగిందట, అందులోంచి పుట్టింది మీ వంశం. అడక్కుండా కరిగించడం మీ ఇంటి ఆచారమే అన్నమాట.

ఇంకా ఉంది. కంగారులో ఆ వేడి పళ్లెం తీసుకెళ్లి సింకులో కుళాయి కింద పెట్టాను. టప్పున రెండు ముక్కలైంది. ఇది నా తెలివితక్కువతనమే, వేడి గాజు మీద చన్నీళ్లు పోస్తే పగులుతుందని ఏడో తరగతి పిల్లాడైనా చెప్తాడు, నీ మీద నెట్టను. (పూర్తిగా నెట్టను.) షాపువాడేమో పాత ముక్కలు తెమ్మంటాడు. అంగుళాలు ఒకటైనా కింద చక్రం కూర్చునే మూడు గాట్లు కలవకపోతే తిరగదట. పళ్లెం లేకుండా నిన్ను వాడితే కూర ఓ మూల సలసల, ఇంకో మూల ఫ్రిజ్‌లోంచి తీసినట్టే.

నీ నెత్తిన పరిచిన లేసు గుడ్డ తీసేశాను, గాలి రంధ్రాలు మూసుకుంటున్నాయని నువ్వే గెలిచావు. కోడిగుడ్డు పేలిన రోజు గురించి మాట్లాడను, పెంకుతో పెట్టింది మా ఆయన.

అయినా ఏం చేస్తాం, రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వచ్చి చల్లారిన చారన్నం ముందు నిలబడితే గుర్తొచ్చేది నువ్వే. నిన్న కేకు కూడా పైన పగుళ్లు లేకుండా గోధుమ రంగులో ఎంత బాగా పొంగిందో, ఆడపడుచు రెండు ముక్కలు తిని ఎక్కడ కొన్నావు వదినా అని అడిగింది.

ప్రస్తుతానికి మా అత్తగారు ఒక ఏర్పాటు చేశారు. కన్వెక్షన్ పెట్టగానే తన ఎర్ర బొట్టుబిళ్ల ఒకటి తీసి నీ హ్యాండిల్‌కి అంటిస్తారు, పూర్తిగా చల్లారాక పీకేస్తారు. బిళ్ల ఉంటే ప్లాస్టిక్ పెట్టకూడదు. మా ఇంట్లో పనిమనిషికీ బాబుకీ కూడా ఇప్పుడు ఇది తెలుసు. నీకే ఇంకా తెలియదు.

ఇట్లు,
ఐదు డబ్బాలు మిగిలిన ఇల్లాలు

తా.క.: ఆరోది ఇందాక మా ఆయన పెట్టారు. బిళ్ల హ్యాండిల్ మీదే ఉంది.