ఉచిత ఆస్తి సలహా గారికి, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి

అయ్యా ఉచిత ఆస్తి సలహా గారూ,

తమరు నెలనెలా మా ఫ్యామిలీ గ్రూపులోకి పీడీఎఫ్ రూపంలో దయచేస్తున్నారు. మిమ్మల్ని కన్నది సరిహద్దుకి అవతల, ఆంధ్రాలో ఉన్న ఒక లాయర్ల ఆఫీసు, మోసుకొచ్చేది టెక్కలిలో ఉండే మా బావగారు. ఆయన పొద్దున్నే మందారపువ్వు బొమ్మతో శుభోదయం చెప్పి, దాని వెనకే మిమ్మల్ని పడేస్తారు. పైన తక్కెడ బొమ్మ, దాని కింద ఎర్ర అక్షరాల్లో ‘మీ ఆస్తి నిజంగా మీదేనా?’ అని హెడ్డింగు. బీపీ ఉన్న మా అమ్మని పొద్దున్న ఆరింటికి అడగాల్సిన ప్రశ్నేనా అండీ ఇది?

మొన్నామధ్య ఓ సంచికలో ‘12 ఏళ్లు అనుభవిస్తే స్థలం వాళ్లదే’ అని రాసి ఊరుకున్నారు. వెనక వాటాలో పదిహేనేళ్లుగా అద్దెకుంటున్న మాస్టారిని అమ్మ ఆ పూటే ఖాళీ చేయించబోయింది. అద్దె కట్టుకుంటూ, మన అనుమతితో ఉన్నవాడికి ఆ 12 ఏళ్ల లెక్క వర్తించదని, నీది కాదు నాదే అని బాహాటంగా ఎదురు తిరిగి ఉంటేనే వర్తిస్తుందని ఇంకో రెండు లైన్లు రాస్తే మీ సొమ్మేం పోయింది? మాస్టారు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటున్నారు.

మీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఇది ప్రకటన కాదు, సమాచారం కోసం మాత్రమే’ అని ఉంటుంది. ఎందుకుంటుందో తెలుసు లెండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వ నియమం ప్రకారం లాయర్లు పని కోసం ప్రకటనలు ఇచ్చుకోకూడదు, మనుషుల్ని పెట్టి కేసులు పట్టుకోకూడదు. 2008లో కాస్త సడలించి, పేరు, చిరునామా, చదువు లాంటి నాలుగు వివరాలతో వెబ్‌సైటు పెట్టుకోనిచ్చారు. 2024 జులైలో మద్రాసు హైకోర్టు, ఆన్‌లైన్లో లాయర్లకు గిరాకీ తెచ్చిపెట్టే సైట్ల సంగతి చూడమని బార్ కౌన్సిల్‌కే గట్టిగా చెప్పింది. అందుకని తమరు సలహా వేషం కట్టారు. బతకాలి కదా, కాదనను. కానీ ప్రతి సలహా సరిగ్గా పని మొదలయ్యే చోటికి రాగానే ‘నిపుణులను సంప్రదించండి’ అని ఆగిపోతుంది చూడండి, తలుపు తీసి ఎవరొచ్చారో చూపించకుండా సీరియల్ ఆపేసినట్టు, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

మీలో సరుకు లేదని అనడం లేదు. స్థిరాస్తి వంద రూపాయలు దాటితే అమ్మకం రిజిస్టరు కావాల్సిందేనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోందని మీ వల్లే తెలిసింది (ఆ వందతో ఇవాళ కొలతలు వేయడానికి టేపు కూడా రాదు, అది వేరే సంగతి). పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు చేతిలో పెట్టుకుని ‘స్థలం కొన్నాను’ అంటే చెల్లదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పిందని కూడా మీరే చెప్పారు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లీన్‌గా ఉందని చంకలు గుద్దుకునే మా మావయ్యకి, ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి, నోటి పంపకాలు, స్టాంపు కాగితం మీది బేరాలు కనబడవు అని మీరు చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు. మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డులో పేరు మార్పు, అయినంత మాత్రాన హక్కు పుట్టదనేది మాత్రం ఆయన ఇంకా నమ్మడం లేదు.

చిక్కల్లా ఏమిటంటే, తమరికి మీవైపు సరిహద్దులోని పాతపట్నం దాటాక భూమి అనేది ఒకటుందని తెలీదు. అడంగల్ తీయండి, 1బీ చూడండి, మీభూమి సైట్లో వెతకండి అంటూ ఆంధ్రా భూరికార్డుల పేర్లే చెబుతారు. మా దగ్గర అవేవీ లేవు సార్. మాకుండేది ఆర్ఓఆర్ (రికార్డ్ ఆఫ్ రైట్స్, భూమి ఎవరిదో చూపే హక్కుల రికార్డు), అది భూలేఖ్ సైట్లో ఒడియాలో ఉంటుంది. అందులో ఖాతా నంబరు, ప్లాటు నంబరు పక్కన కిసం అని ఒక గడి. అక్కడ శారద అని ఉంటే వరిపొలం, ఘరబారి అని ఉంటే ఇంటిస్థలం. ఆ గడిని మార్పించుకోవడానికి, ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 8ఏ కింద తహసీలు ఆఫీసు చుట్టూ తిరగడానికి చాలామందికి చెప్పులు అరిగాయి. మీ ‘కొనేముందు చూసుకోవాల్సిన పత్రాలు’ జాబితాలో కిసం అన్న మాటే లేదు.

గుంట అంటే 121 గజాలు అని రాశారు ఇంకో నెల. హైదరాబాద్‌లో నిజమే, ఎకరానికి 40 గుంటలు. మా ఒడిశాలో ఎకరానికి 25 గుంటలే, అంటే గుంటకి దాదాపు 194 గజాలు. మీ లెక్క పట్టుకుని మా పక్కింటాయన ఇక్కడ గుంటల చొప్పున స్థలం అమ్మబోయాడు. అమ్మేదాకా రానివ్వలేదు కాబట్టి సరిపోయింది.

గిరిజన భూముల సంచికలో మీ ఆంధ్రా ఏజెన్సీ ప్రాంతాల్లో నడిచే 1/70 చట్టం గురించి రెండు పేజీలు రాశారు, బాగుంది. ఇక్కడ గుమ్మా బ్లాకులో గాని, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో గాని నడిచేది 1956 నాటి రెండో రెగ్యులేషన్. మీవైపు ఏజెన్సీలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ఇక్కడి నిషేధం గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోవడం మీద. 2023 నవంబరులో ఒడిశా మంత్రివర్గం దాన్ని సడలిస్తామని నిర్ణయం తీసుకుని, గోల లేచేసరికి పక్కన పెట్టింది. సడలింపు వచ్చేసిందనుకుని ఇప్పటికీ బ్రోకర్లు అడ్వాన్సులు తీసుకుంటున్నారు. మీరు రాయాల్సింది ఇది కదండీ, మా గుమ్మం దాకా వచ్చి మరీ?

ఇక లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజుల వరస. ‘30 ఏళ్ల లింకు తప్పనిసరి’ అంటారు. మాకు 90 ఏళ్లది ఉంది, చదివేవాళ్లే లేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలై, మా ఊరు ఇటొచ్చింది, పాతపట్నం వైపు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ముత్తాతగారి దస్తావేజు అంతకు ముందుది, తెలుగులో గొలుసుకట్టు రాత. తూర్పు గెడ్డ, దక్షిణం చింతచెట్టు, పడమర ఫలానావారి కళ్ళం, ఉత్తరం పుంత. గెడ్డ ఇప్పుడు మున్సిపాలిటీ డ్రైను, కళ్ళం మీద మూడంతస్తులు లేచాయి, చింతచెట్టు ఏమైందో అడిగితే ఎవరికి వారు పక్కవాళ్ల పొయ్యిలోకి పోయిందంటారు. పైగా దస్తావేజులో ఇంటిపేరు ముందుండే మనిషి ఆర్ఓఆర్‌లో ఇంటిపేరు చివర తగిలించుకుని కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరేనని నిరూపించడానికి అఫిడవిట్లు.

అయినా పోయిన నెల సంచికతో బావగారి శ్రద్ధ ఏమిటో అర్థమైంది. ‘ఆడపిల్లకు పుట్టుకతోనే సమాన వాటా’. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ చట్టం సవరణ, అప్పటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, అన్నీ సరిగ్గానే రాశారు. మీవైపు 1986లోనే రాష్ట్ర సవరణ చేసుకున్నారు, మావైపు కేంద్రం తెచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. బావగారు దాని కింద రెండు నమస్కారాలు పెట్టారు. అన్నయ్య గ్రూపులోంచి వెళ్లిపోయాడు. అక్క మాత్రం ఏమీ అనలేదు, ఆ సాయంత్రం ఫోన్ చేసి ఆవకాయ ముక్కలు ఎప్పుడు కొడుతున్నారని అడిగింది.

అక్క వాటా అక్కకి ఇవ్వాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఎలా ఇవ్వాలి అన్నదే తెలియాల్సింది, అక్కడ మీరు షరా మామూలుగా సంప్రదించమన్నారు. చివరికి తహసీలు ఆఫీసు బయట వేపచెట్టు కింద అర్జీలు రాసే ముసలాయన చెప్పాడు. ముందు వారసుల సర్టిఫికెట్ తీయండి, అందరూ ఒప్పుకుంటే భూసంస్కరణల చట్టం సెక్షన్ 19 కింద తహసీల్దారు దగ్గరే భాగాలు పంచుకోవచ్చు, ఒప్పుకోకపోతేనే సివిల్ కోర్టు అన్నాడు. ఒక వంద కాగితం, రెండు టీలు పుచ్చుకున్నాడు. ‘మీ అన్నయ్య సంతకం పెడతాడా?’ అని కూడా అడిగాడు. ఆ ప్రశ్న మీ ఏ సంచికలోనూ లేదు.

కాబట్టి వచ్చే నెల దయచేసేటప్పుడు ఆర్ఓఆర్ ఎలా చదవాలో ఒక పేజీ రాయండి. తెలుగు దస్తావేజుకి కోర్టు ఒప్పుకునే ఒడియా అనువాదం ఎవరు చేస్తారో రాయండి. వీలుంటే ఆ ‘సంప్రదించండి’ పక్కన మీ ఫీజు ఎంతో కూడా వేయండి. నియమాలు ఒప్పుకోవంటారా, అయితే బావగారికి విడిగా చెప్పండి, ఆయన ఎలాగూ గ్రూపులో పెట్టేస్తారు.

ఇట్లు,
ఆర్ఓఆర్‌లో ఇంకా తాతగారి పేరే ఉన్న ఒక వారసుడు