పైపన్ను పీకితే చూపు పోతుందనే మాట గారికి

నెల్లూరు, పొగతోట నుంచి.

అయ్యా, లేక అమ్మా (మీరు ఏ ఇంట పుట్టారో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు),

పొగతోటలో ఏ సందు తిరిగినా ఆస్పత్రి బోర్డే. ఊళ్ళో డెంటల్ కాలేజీ కూడా ఉంది. అయినా మా కుర్చీ దాకా వచ్చిన మనిషిని వెనక్కి తిప్పే బలం మీ ఒక్కరికే ఉంది. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో వాచిన బుగ్గతో బస్సెక్కి వస్తారు, ఎక్స్‌రే తీయించుకుంటారు. అప్పుడు వెంట వచ్చిన మేనత్త నోట మీరు పలుకుతారు: "పైపన్నంట గదా నాయనా, కంటి నరం తెగిపోద్ది. పా, ఇంటికి పోదాం." ఇక మా చదువులన్నీ మీ ముందు దిగదుడుపే.

మీరు చెప్పే ఆ నరం సంగతి చూద్దాం. చూపును మోసేది రెండో కపాల నాడి. అది కంటి వెనక నుంచి నేరుగా మెదడుకు పోతుంది, పంటి గడప తొక్కదు. పైపళ్ళ నొప్పిని మోసేది అయిదో నాడిలోని మధ్య శాఖ. దాని పాయ ఒకటి కంటిగుంట అడుగు నుంచే వస్తుంది కాబట్టి పంటి పోటు కన్ను కిందా, కణతలోనూ తెలుస్తుంది. మీరు పుట్టింది అక్కడేనని మా అనుమానం. పైగా వయసు మీకు దొంగ సాక్ష్యం చెబుతోంది. నలభైల్లో చత్వారం, అరవై ప్రాంతంలో శుక్లాలు. పళ్ళు పాడయ్యేదీ ఆ వయసులోనే. పెద్దాయనకు శుక్లం ముదిరితే, ఆరు నెలల కింద పీకిన పన్ను మీద కేసు పెట్టేస్తారు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పైదవడ వెనక భాగంలో ఇచ్చే మత్తు ఇంజెక్షన్ ఎప్పుడో అరుదుగా కంటి కండరాల దాకా పాకి, కాసేపు ఒకటి రెండుగా కనిపిస్తుంది. మత్తు దిగితే అదీ పోతుంది. దీన్ని పట్టుకుని మళ్ళీ ఊరేగబోకండి.

భయపెట్టాలనే ఉంటే నిజమైన చోటు మేం చూపిస్తాం. పై దవడపళ్ళ వేళ్ళ మీదే సైనస్ అనే గాలిగది ఉంటుంది. కొందరిలో మధ్య ఎముక ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పన్ను తీసేటప్పుడు అక్కడ చిల్లు పడితే తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి. చిన్న చిల్లయితే రక్తం గడ్డకట్టి దానంతటదే మూసుకుంటుంది, పెద్దదైతే కుట్టు వేయాలి. అట్టాంటి వాళ్ళు రెండు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఇంత మంచి భయం చేతికందుతుంటే మీరు కంటి మీదే పడ్డారు.

కంటికి అపాయం లేకపోలేదు, కానీ అది మీ వల్ల. మీ మాట విని పై కోరపన్నును చీముతో అలాగే వదిలేస్తే వాపు కన్ను కిందికి ఎక్కి రెప్ప మూసుకుపోతుంది. అరుదుగా ఆ చీము కంటిగుంటలోకీ, ముఖం సిరల గుండా పుర్రె లోపలికీ పాకుతుంది. అప్పుడు చూపే కాదు, ప్రాణం మీదికే వస్తుంది. యాంటీబయాటిక్ బిళ్ళలు వాపును నాలుగు రోజులు అణచగలవు గానీ, చీముకు మూలమైన పన్ను అక్కడే ఉంటుంది.

ఎలాగూ మీ నోటికి అలుపు లేదు, మా కాగితాల కంటే మీరే ముందు ఊరు చేరతారు. ఈసారి ఈ మాటలు మోసుకుపోండి. పన్ను తీయించుకునే రోజు పస్తుతో రాకూడదు. మత్తు ఆ చోటు వరకే కాబట్టి టిఫిన్ తిని, బీపీ, షుగర్ బిళ్ళలు వేసుకునే రావాలి. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్ళే ఎక్కువగా సూది చూసి కళ్ళు తిరిగి పడిపోతారు. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్ళు రక్తం పలచబరిచే బిళ్ళను సొంతంగా ఆపకూడదు. పంటి గుంతలో రక్తాన్ని దూదితో, కుట్టుతో మేం ఆపగలం. స్టెంట్‌లో గడ్డ కడితే మా వల్ల కాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే బిళ్ళ వాడేవాళ్ళకు ముందు ఐఎన్‌ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష కావాలి. ఎముకల బలానికి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్ళు అది తప్పక చెప్పాలి, లేకపోతే గుంత మానక దవడ ఎముకే కుళ్ళవచ్చు. ఇక కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళకు పళ్ళు గోధుమరంగు తిరిగితే, ఆ మరక ఒక్కటే పన్ను పీకడానికి కారణం కాదు.

మత్తుకు సాధారణంగా 2 శాతం లిగ్నోకెయిన్, అందులో కొంచెం అడ్రినలిన్. చీము ఉన్నచోట ఆమ్లం ఎక్కువై మందు సరిగా పట్టదు. "సూది వేసినా నొప్పే" అనే మీ చెల్లెలు పుట్టింది అట్టాగే. మందు పట్టాక నొప్పి ఉండదు, నొక్కుడు మాత్రం తెలుస్తుంది; నొప్పి అనిపిస్తే చెయ్యెత్తాలి, ఇంకొంత మందు ఇస్తారు. పీకడం అంటాం గానీ ఒక్క గుంజుడుకు రాదు. నేలలో దిగిన పందిరి గుంజను ఇటూ అటూ ఊపినట్టు, ఎలివేటర్ అనే చిన్న మీటతో, పటకారుతో గుంతను వెడల్పు చేసి తీయాలి. పై దవడపంటికి మామూలుగా మూడు వేళ్ళు. గట్టిగా ఉంటే ముక్కలు కోసి ఒక్కో వేరు విడిగా తీస్తారు.

తర్వాత దూది మడతను ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టాలి. అయిదు నిమిషాలకోసారి తీసి చూస్తే రక్తం ఆగదు. ఒక్క చుక్క రక్తం ఉమ్ములో కలిసినా గ్లాసెడు పోయినట్టుంటుంది, కంగారు వద్దు. మళ్ళీ కారితే కొత్త దూదితో ఇంకో అరగంట. 24 గంటలు ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం, వేడి టీ, బీడీ బంద్. ఆ రోజుకు చల్లటి పెరుగన్నం. చేపల పులుసు ఎక్కడికీ పోదు, ముళ్ళూ కారమూ ఆ గుంతకు పడవు. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ మెల్లగా పుక్కిలించాలి.

మొదటి రెండు రోజులు తగ్గిన నొప్పి మూడో రోజు చెవి దాకా కొట్టి, నోరు కంపు కొడితే, గుంతలోని రక్తపు గడ్డ ఊడి ఎముక బయటపడిందన్నమాట. దీన్ని డ్రై సాకెట్ అంటారు. పొగ తాగేవాళ్ళకు, కింది జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ళకు ఎక్కువ. గుంత కడిగి మందు పెడతారు. మీకిష్టమైన లవంగ నూనె పని చేసే చోటు ఇదే, అదీ డాక్టరు చేత్తో. జ్వరం, మింగలేకపోవడం, నోరు తెరవలేకపోవడం, ఆగని రక్తం ఉంటే మాత్రం రాత్రయినా ఆస్పత్రికే.

చిగురు రెండు మూడు వారాల్లో మూసుకుంటుంది, ఎముక పూడటానికి మూడు నుంచి ఆరు నెలలు. ఈలోగా ఎవరికైనా చత్వారం వస్తే కళ్ళజోళ్ళ అంగడికి పంపండి, మా మీదికి తోలకండి.

ఇట్లు,
పంటి కుర్చీ పక్కన నిలబడేవాళ్ళం