ఫిడేలు నేర్పేవాళ్లకి కుడిచెయ్యి కనపడదా?

కచేరీలో అందరి కళ్లూ ఎడమచేతి వేళ్ల మీదే. గమకం ఎలా పలికింది, జారు ఎంత బాగుంది అనే చర్చే. నలభయ్యో ఏట ఫిడేలు పట్టేదాకా నేనూ ఆ బాపతే.

మొదట చేరినచోట మూడోవారానికే మొదటి పాఠాలైన సరళీ స్వరాలు మూడు కాలాల్లో (వేగాల్లో) లాగించేశారు. కుడిచేత్తో తీగల మీద లాగే కర్రే కమాను. ఒక కమాను లాగుడుకి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. ఏడాదికి గీతాలన్నీ అయిపోయాయి. కమాను పట్టడం గురించి చెప్పింది మాత్రం ఒక్కరోజు, అదీ ఐదు నిమిషాలు! ఇంట్లో వాయిస్తుంటే మా అమ్మ "ఆ తలుపుకి కాస్త నూనె వెయ్యరా" అనేది.

ఇప్పటి మాస్టారు నన్ను వీడియో తీసి చూపించారు. వేళ్లు సరిగ్గానే పడుతున్నాయి. కానీ భుజమంతా ఊగుతోంది, మణికట్టు కొయ్యలా బిగుసుకుపోయింది. తీగల్ని ఎత్తిపట్టే చెక్కముక్క బ్రిడ్జికి సమాంతరంగా పోవాల్సిన కమాను పోనుపోను వంకర తిరుగుతోంది. పైగా మధ్యలో జానెడు మేరే వాడుతున్నాను, మిగతాదంతా దండగ. ఆయన చెయ్యి చూస్తే భుజం కుదురుగా ఉంది. మోచెయ్యి తెరుచుకుంటోంది, మణికట్టు దాని వెనకే మెత్తగా ఒదుగుతోంది.

అసలు కిటుకు బరువులో ఉందట. చేతి దగ్గర కమాను బరువెక్కువ, కొసకి పోయేకొద్దీ తేలిక. కాబట్టి కొసకి వెళ్తున్నప్పుడు చూపుడువేలు మెల్లగా నొక్కు పెంచాలి, వెనక్కి వస్తుంటే చిటికెనవేలు ఆ బరువు మొయ్యాలి. రోజిన్ అనే జిగురు రాసిన కమాను వెంట్రుకలు తీగని పట్టి లాగి వదులుతూ ఉంటాయి, సెకనుకి వందలసార్లు. వేగానికి తగ్గ నొక్కు లేకపోతే ఈల, ఎక్కువైతే గరగర. బ్రిడ్జికి దగ్గర జరిగితే ఆ లెక్క మళ్లీ మారుతుంది. ఇంత వ్యవహారాన్ని ఐదు నిమిషాల్లో తేల్చేస్తారా?

మన సంగీతంలో కమాను అంటే పాడేవాడి ఊపిరి. విజయనగరం ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి రికార్డింగులు వినండి. పొడుగు కమానుకి పేరుపడ్డ మనిషి. లాగుడు ఎక్కడ అయిందో, తోపుడు ఎక్కడ మొదలైందో చెవిపెట్టి వెతుక్కోవాలి. చూపు సరిగా లేని ఆయనకి ఆ కమాను ఎక్కడుందో ఎవరు చూపించారు?

తల్లిదండ్రుల్నీ అనాలి లెండి. "మావాడికి ఎన్ని కీర్తనలు వచ్చాయండీ?" అని తప్ప "సా ఒక్కటి నిండుగా పలుకుతోందా?" అని అడిగినవాళ్లని నేను చూళ్లేదు. ఆర్నెల్లకే సినిమా పాట రీలు కావాలి.

నాకైతే నాలుగు నెలలుగా ఎడమచేతి వేళ్లు పెట్టకుండా ఖాళీ తీగలే. రోజూ ఇరవై నిమిషాలు, అద్దం ముందు. కమాను తిన్నగానే పోతోంది. కొసకి చేరేసరికి మాత్రం శబ్దం ఇంకా సన్నబడుతోంది.