ప్యాడ్ ఇచ్చే ముందు మా చెప్పులు కూడా చూడండి

పాదాల కింద పెట్టుకునే ప్యాడ్ల గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇన్‌సోల్ అనండి, ఆర్థోటిక్ అనండి, మన కాలి కొలత తీసుకుని చేసి ఇస్తారే, అవి. నిన్న స్టాఫ్ రూంలో ఒక మేడం 7,000 రూపాయలు పెట్టి చేయించుకున్నానని, రెండు వారాలు వాడి ఇక భరించలేక అటక మీద పెట్టేశానని చెబుతుంటే ఆగలేకపోయాను. ప్యాడ్ పనికిరాదని ఆవిడ అనుకుంటోంది. ఏ షూలో వేసుకున్నారని అడిగితే సన్నటి బెల్లీస్ చూపించింది. అందులో కాలే ఇరుగ్గా పడుతుంది, ఇంక ప్యాడ్ ఎక్కడ పడుతుంది? కానీ ఆవిడకి ఆ సంగతి చెప్పినవాళ్లేరీ?

మూడేళ్ల కింద నా పరిస్థితి కూడా ఇదే. పంతొమ్మిదేళ్లుగా టీచర్ని, రోజుకి ఐదారు పీరియడ్లు షాబాద్ బండల మీద నిలబడే చెప్పాలి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. పది అడుగులు నడిచాక కాస్త తగ్గి, మళ్లీ సాయంత్రానికి మొదలు. డాక్టర్ చూసి ప్లాంటార్ ఫేషియైటిస్ అన్నారు. అంటే మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద పట్టీలా ఉండే గట్టి పొర దెబ్బతినడం. పైగా నాది చదును పాదం, అంటే అరికాలి మధ్య ఉండాల్సిన వంపు లేదు. పిక్కలు సాగదీసే వ్యాయామం చెప్పి, కొలత ప్యాడ్లు రాసిచ్చారు. హైదరాబాద్ వెళ్తే మెత్తటి ఫోమ్ పెట్టెలో పాదం అదిమించి అచ్చు తీసుకున్నారు. పది రోజులకి ప్యాడ్లు చేతికిచ్చి "షూలో వేసుకోండి మేడం" అన్నారు. అంతే. ఏ షూ అని వాళ్లు చెప్పలేదు, అడగాలని నాకూ తెలియలేదు. ఆ రోజు నా కాళ్లకున్నవి వెనక పట్టీ లేని చెప్పులు. వాటిని విప్పించే కదా అచ్చు తీశారు! ఈమె రోజంతా చెప్పుల్లోనే తిరుగుతుంది, మరి ఈ ప్యాడ్ ఎందులో పెట్టుకుంటుంది అని ఆ గదిలో ఒక్కరికైనా తట్టాలి కదా.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ప్యాడ్ సగం వైద్యమైతే, అది కూర్చునే షూ మిగతా సగం. ఆ రెండో సగం గురించి ఎవరూ నోరు విప్పరు, డబ్బులు మాత్రం మొత్తానికీ తీసుకుంటారు.

నేను చేసిన మొదటి తప్పు, షూలో కంపెనీవాళ్లు వేసిన పొర తీయకుండా దాని మీదే ప్యాడ్ పెట్టడం. అలా పెడితే మడమ పైకి లేస్తుంది, షూ వెనక అంచు మడమ కిందిభాగాన్నే పట్టుకుంటుంది, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా మడమ జారిపోతుంది. రెండు రోజుల్లో చర్మం లేచిపోయింది. ముందువైపు వేళ్లు షూ పైకప్పుకి ఒత్తుకుని బొటనవేలి గోరు నల్లబడింది. స్పోర్ట్స్ షూల్లో ఆ పొర చేత్తో లాగితే వచ్చేస్తుంది. మామూలు షూల్లో చాలావాటికి అతికించేస్తారు.

చివరికి దారి చూపించింది మా ఊరి బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే ఆయన. నా నల్ల షూ, ప్యాడ్లు రెండూ సంచిలోంచి తీసి ఇస్తే ఆయన ముందు ప్యాడ్‌ని తిరగేసి మడమ గుంట మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు. తర్వాత షూ లోపల చెయ్యి పెట్టి తడిమి, "మేడం, లోపల అట్ట తియ్యకుండ పెడితే కాలు పైకి లేస్తది, ఇంక నిలబడదు" అన్నాడు. సన్నటి కత్తి మొన ఒక మూల దూర్చి ఆ పొరని చిరగకుండా మొత్తం లేపాడు. అడుగున ఎండిపోయిన సొల్యూషన్ గడ్డలు గీకి, గరుకు కాగితంతో రుద్ది సాపు చేశాడు. ఆ గడ్డల మీద పెడితే ప్యాడ్ ఊగుతుందట. లేపిన పొరని ప్యాడ్ మీద మడమకి మడమ సరిగ్గా ఆనించి, ముందువైపు పెన్నుతో గీత గీసి, ఆ గీతకి కాస్త బయటగా కత్తిరించాడు. షూలో పెట్టి చూసి, మళ్లీ తీసి ఇంకో పిసరు. మడమ వైపు, వంపు వైపు కత్తెర తాకనివ్వలేదు. నలభై రూపాయలు అడిగాడు, వంద ఇస్తే అరవై వెనక్కి ఇచ్చాడు. హైదరాబాద్‌లో వేలు పోసినా దొరకని సలహా ఆయన దగ్గర దొరికింది. ఆయన మీద నాకు చాలా గౌరవం.

తర్వాత నేర్చుకున్నవి కూడా చెబుతాను. ప్యాడ్ వేసుకునేవాళ్లకి షూ లోతుగా ఉండాలి, లేసులో వెల్‌క్రోనో ఉండాలి, వెనక భాగం వేళ్లతో నొక్కితే అణిగిపోకూడదు, మెలితిప్పితే గుడ్డలా తిరగకూడదు, వంగితే వేళ్ల దగ్గరే వంగాలి. సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. ప్యాడ్ వెంట తీసుకెళ్లి, అది వేసుకునే నడిచి చూడాలి. ఒక షాపులో అబ్బాయి, పాపం మంచి మనసుతోనే, మీకు చదును పాదం కదా అని లోపలివైపు గట్టి వంపు కట్టిన షూ ఇచ్చాడు. ప్యాడ్ ఒకవైపు నుంచి ఎత్తుతుంటే షూ కూడా అటే ఎత్తింది, పాదం బయటికి వాలిపోయి వారం తిరక్కుండా మోకాలి నొప్పి మొదలైంది. ఆ వంపు పని ప్యాడ్ చూసుకుంటుంది, షూ మామూలుగా, స్థిరంగా ఉంటే చాలు. కొత్త ప్యాడ్ మొదటిరోజే పొద్దంతా వేసుకోకండి, గంటతో మొదలుపెట్టి రోజుకో గంట పెంచండి. కిర్రుమని చప్పుడొస్తే అడుగున కాస్త పౌడర్ చల్లండి.

వెడల్పు గురించి కూడా చెప్పాలి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశమంతా లక్ష మందికి పైగా పాదాలు కొలిస్తే మనవాళ్ల పాదాలు వెడల్పు ఎక్కువని తేలింది. మనం కొనేవి మాత్రం ఇప్పటికీ ఇంగ్లాండు సైజులే. అసలే వెడల్పు చాలని షూలో ప్యాడ్ కూడా దూరిస్తే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే చాలామంది ఒక సైజు పెద్దది కొనేస్తారు. అదీ తప్పే, పొడుగు పెరిగి షూ వంగే చోటు, పాదం వంగే చోటు వేరైపోతాయి. అదే సైజులో వెడల్పు రకం దొరుకుతుందేమో అడగండి.

ఇక ఆడవాళ్ల సంగతి. చీర మీద స్పోర్ట్స్ షూ వేసుకుని బడికి వెళ్లిన మొదటిరోజు ఎన్ని చూపులో! "ఏంది మేడం, రన్నింగ్‌కి పోతున్నరా" అని నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను నొప్పి లేకుండా నిలబడి పాఠం చెప్పాలా, మీకు చూడ్డానికి అందంగా ఉండాలా? ఇప్పుడు అలవాటైపోయింది, ఎవరూ మాట్లాడరు. పెళ్లిళ్లకి మాత్రం లోపలి పొర ఊడివచ్చే, వెనక పట్టీ ఉన్న శాండిల్ ఒకటి వెతికి పట్టుకున్నాను. అందులో పెట్టుకోవడానికి వేళ్ల దాకా రాకుండా ముప్పావు భాగంలో ఆగిపోయే పొట్టి ప్యాడ్ చేయించుకున్నాను. అలాంటిది ఒకటి ఉంటుందని ముందే తెలిస్తే మొదటిసారే అడిగేదాన్ని.

ఇంట్లో ఇంకో సమస్య. గ్రానైట్ మీద ఒట్టి కాళ్లతో తిరగొద్దని డాక్టర్ చెప్పారు, ఇంట్లో చెప్పులేంటని అత్తమ్మ. తప్పుపట్టను, ఆవిడ అలవాటు అది. గడప దాటని చెప్పుల జత ఒకటి వేరుగా పెట్టుకుంటాను, దేవుడి గదిలోకి వేసుకోను అన్నాను. ఇప్పుడు ఆవిడకీ ఒక జత కొన్నాం.

ఇదంతా నొప్పి వరకే. నాన్న విషయంలో మాత్రం భయమేసింది. ఆయనకి ఇరవై ఏళ్లుగా షుగర్, పాదాల్లో స్పర్శ తక్కువ. ఆయనకీ ఒకచోట ప్యాడ్లు చేసిచ్చారు, ఆయన వాటిని పాత కాన్వాస్ షూలో పెట్టుకుని వాకింగ్‌కి వెళ్లారు. లోపల చోటు లేక చిటికెన వేలు రుద్దుకుని పొక్కింది, పగిలింది, నాలుగు రోజులు ఆయనకి తెలియనే లేదు. సాక్సుకి అంటిన తడి చూసి అమ్మ కనిపెట్టింది. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. డాక్టర్ అన్న మాట ఒకటే, "స్పర్శ లేని కాలికి సొంత ప్రయోగాలు చెయ్యొద్దమ్మా." ప్యాడ్ ఇచ్చినచోట ఒక్క నిమిషం ఆయన షూ చూసి ఉంటే ఆ రెండు నెలలు ఉండేవి కావు.

ఇప్పుడు ఆయన వెనక పట్టీ ఉన్న ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు వాడుతున్నారు. ఆ మెత్తటి రబ్బరు చెప్పుల వెనక రాయవేలూరు ఆసుపత్రిలో కుష్టు రోగుల పాదాలు కాపాడటానికి డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన తోటివాళ్లు పడ్డ కష్టం ఉంది. వాళ్లు ముందు చూసింది ఆ మనిషి ఎలా నడుస్తాడు, కాలికేం వేసుకుంటాడు అన్నదే. ఇన్నేళ్ల తర్వాత, కంప్యూటర్ స్కానర్లు పెట్టుకుని, "మీ చెప్పులు చూపించండి" అనడానికి మనవాళ్లకి తీరిక లేదా?

వచ్చే ఆదివారం నాన్నకి కొత్త షూ కోసం మళ్లీ కొలతలకి వెళ్తున్నాం. ఆయన వేసుకునే మూడు జతలూ సంచిలో సర్దాను. వాకింగ్‌వి, బయటికి వేసుకునేవి, ఇంట్లోవి. వాళ్లు అడగకపోయినా బల్ల మీద పెట్టేస్తాను.