పైరవీ నడవని పెట్టె

మా నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పైరవీతో కాని పని లేదు. పహాణీలో పేరు తప్పు పడినా, పింఛను ఆగినా, కరెంటు మీటరు చనిపోయిన తాత పేరు మీదే ఉండిపోయినా ఎక్కడో ఒక తెలిసినాయన ఉంటాడు. ఆయన ఊళ్లో లేకపోతే ఆయన బామ్మర్ది ఉంటాడు. ఇద్దరూ లేకపోతే హోటల్‌లో చాయ్ తాగుతూ కూర్చోండి, మూడోవాడు వాడంతట వాడే వస్తాడు. తరతరాలుగా చక్కగా నడుస్తున్న ఈ ఏర్పాటుకు ఇప్పుడు పెద్ద గండం వచ్చింది. దాని పేరు పాస్‌వర్డ్ మేనేజర్. ప్రభుత్వం వెంటనే కలగజేసుకోకపోతే ప్రజాస్వామ్యం ఏమైపోతుందో నేను పూచీ పడలేను.

తెలియని పెద్దల కోసం కాస్త వివరిస్తాను. బ్యాంకు, జీమెయిల్, పీఎఫ్, గ్యాస్ బుకింగ్, రైలు టికెట్లు, వీటి పాస్‌వర్డులన్నీ ఒకే పెట్టెలో వేసి, ఆ పెట్టెకు ఒక్కటే మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకుంటారు. కీపాస్, బిట్‌వార్డెన్ అని రకరకాలు దొరుకుతాయి. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. అసలు ఘోరం తాళంలో ఉంది. ఏఈఎస్-256 అనే ఆ తాళానికి ఎన్ని చెవులు సాధ్యమో లెక్క కడితే 78 అంకెల సంఖ్య వస్తుంది. మండలాఫీసు రిజిస్టరులో ఒక గడిలో అది పట్టదు. అది చాలదన్నట్టు దానికి ఆర్గాన్2 అని ఇంకొకటి తగిలించారు. పాస్‌వర్డులను కాపాడే పద్ధతులకు పోటీ పెడితే 2015లో గెలిచింది ఇదే. దీని ఘనత ఏమిటంటే, పాస్‌వర్డ్ కొట్టిన ప్రతిసారీ కంప్యూటరు చేత కావాలని బోలెడు మెమరీ, సమయం ఖర్చు పెట్టిస్తుంది. అసలు యజమానికి ఒక్క సెకను ఆలస్యం. కోట్ల కొద్దీ ఊహలు కొట్టి చూడాల్సిన దొంగకు జన్మ సరిపోదు. వచ్చినవాణ్ని కావాలని ఆలస్యం చేయడం మన ఆఫీసులు ఎప్పటినుంచో చేస్తున్నదే. ఏ పోటీలోనూ బహుమతి మాత్రం రాలేదు.

ఇంకో దారుణం వినండి. ఈ పెట్టె తయారుచేసిన వాళ్ల దగ్గర కూడా మారుచెవి ఉండదు. మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోయానని మొరపెట్టుకుంటే 'మాకూ తెలియదండీ' అంటారు. తప్పించుకోవడానికి అనే మాట కాదు, నిజంగానే తెలియదు. బ్యాంకు పాస్‌వర్డ్ పోతే బ్రాంచికి పోయి ఆధార్, పాన్ జిరాక్సులు ఇచ్చి, లంచ్ టైము దాటేదాకా కూర్చుంటే కొత్తది చేతికొస్తుంది. ఈ పెట్టె ఆధార్ అడగదు. ఎమ్మెల్యే లెటర్ చదవదు. 'మనోడే సార్' అంటే వినపడదు. ఇలాంటిది మన గడ్డ మీద ఎలా బతికి బట్టకడుతుంది చెప్పండి?

దీని ముందు మన పద్ధతి ఎంత దయగలదో చూడండి. నల్లగొండ గడియారం సెంటర్‌కు నడిచిపోయేంత దూరంలో ఒక జిరాక్స్ దుకాణం ఉంది. కౌంటరు కింద ఒక పొడుగు నోటుబుక్కు. అట్ట మూలకు దసరా నాటి పసుపూ కుంకుమా ఇంకా అంటుకునే ఉన్నాయి. లోపల స్కేలుతో గీసిన నాలుగు గడులు: పేరు, ఫోను, జీమెయిల్, పాస్‌వర్డ్. కొన్ని పేర్ల పక్కన 'పాత ఫోన్', 'కొడుకు దుబాయ్', 'మళ్ల వస్తడు' అని చిన్న అక్షరాలతో గుర్తులు. నాలుగో గడిలో మాత్రం పేజీ పొడుగునా ఒకటే తీరు: ఇంటిపేరు, యాట్ గుర్తు, 123. పాస్‌వర్డ్ పోయిందని ఎవరైనా వస్తే దుకాణం పిల్లాడు తలైనా ఎత్తడు. 'మొదటి అక్షరం పెద్దది కొట్టు, పెద్దనాయనా' అంటాడు. తెరుచుకుంటుంది. తన పాస్‌వర్డ్ ఏమిటో పెద్దనాయనకు ఏనాడూ తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. సైబర్ నిపుణులు చూస్తే కళ్లు తిరిగి పడిపోతారు, నిజమే. కానీ న్యాయంగా మాట్లాడాలి. ఆ నోటుబుక్కులోకి ఎక్కిన ఏ ఖాతా కూడా యజమాని చేయి దాటిపోలేదు. యజమాని ఒక్కడి చేతిలోనే ఉన్న ఖాతా కూడా లేదనుకోండి, అది వేరే సంగతి.

మా మేనల్లుడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. ఈ నోటుబుక్కు ముచ్చట చెబితే వాడికి ఆ పూట అన్నం సహించలేదు. వాడి కీపాస్ పెట్టెలో ఏ పాస్‌వర్డూ ఇరవై అక్షరాలకు తక్కువ ఉండదు. ఒక్కటీ వాడికి నోటికి రాదు, రాకూడదు కూడా అంటాడు. బ్యాకప్ విషయంలో కూడా ఆషామాషీ మనిషి కాదు. మూడు కాపీలు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే చోట అనే 3-2-1 సూత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఒక కాపీ ఫోన్‌లో, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో.

వానాకాలంలో సాగర్ గేట్లు ఎత్తారు. డ్యాం 26 గేట్లలోంచి నీళ్లు దూకుతుంటే వెళ్లి ఫోటో దిగనివాణ్ని మా జిల్లాలో మనిషిగా లెక్కపెట్టరు. వాడూ వెళ్లాడు. వాడు ఫోటో దిగాడు, ఫోన్ కృష్ణలోకి దిగింది.

కొత్త ఫోన్ కొన్నాడు, అదే నంబరుతో సిమ్ తెచ్చుకున్నాడు, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పెట్టె గూగుల్ డ్రైవ్‌లో ఉంది. డ్రైవ్ పాస్‌వర్డ్ పెట్టెలో ఉంది. పాత ల్యాప్‌టాప్ కంపెనీది, ఉద్యోగం మారినప్పుడే ఇచ్చేశాడు. పెన్‌డ్రైవ్ గుచ్చితే అది వేరే పాస్‌వర్డ్ అడిగింది. ఎవరి చేతిలోనైనా పడితే ఎట్లా అని దానికి బిట్‌లాకర్ తాళం వేసి, 48 అంకెల రికవరీ కీని జాగ్రత్త చేశాడు, పెట్టెలో. పాస్‌వర్డ్ తర్వాత గూగుల్ అడిగే రెండో మెట్టు కోడ్ చూపించే యాప్ నది అడుగున ఉంది. ఇలాంటి రోజు వస్తుందనే గూగుల్ ముందుగా 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాడు బుద్ధిమంతుడు, వాటినీ దించుకున్నాడు. ఎక్కడ పెట్టాడని మీరు అడగకండి.

ఇన్ని జరుగుతున్నా మాస్టర్ పాస్‌వర్డ్ మాత్రం వాడికి అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. కీపాస్‌ను కనిపెట్టినవాళ్లు, తాళం గట్టిదనం లెక్కగట్టినవాళ్లు, పోటీలో గెలిచినవాళ్లు అందరూ తమ పని తాము చక్కగా చేశారు. దొంగను ఆపాలన్నారు, ఆపారు. దొంగ ఎవరు, యజమాని ఎవరు అని చూసే పని మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు.

ఒక గంట తర్వాత ఫోన్ చేశాడు. 'మామా, గూగుల్‌ల మనోళ్లు ఎవరన్న ఉన్నరా?'

ఆ మాట వినగానే వాడు ఇంకా మావాడేనని నాకు ధైర్యం వచ్చింది.

మనోళ్లు దొరకలేదు గానీ మా అక్క దగ్గర వాడి పాత ఫోన్ దొరికింది. అద్దం పగిలింది, అక్క దాంట్లో పొద్దున్నే భజనలు వింటుంది. అందులో కీపాస్ యాప్ అట్లాగే ఉంది, ఎప్పటిదో ఒక పాత కాపీతో సహా. వాడి 3-2-1 లెక్కలో ఇది లేదు. ఇప్పటి మాస్టర్ పాస్‌వర్డ్ కొడితే తెరుచుకోలేదు, తెరుచుకోదు కూడా. మాస్టర్ మార్చినప్పుడు చేతిలో ఉన్న ఫైలుకే కొత్త తాళం పడుతుంది. అంతకుముందు తీసిపెట్టిన కాపీలకు అప్పటి తాళమే ఉంటుంది. చాలాసేపు గోడ వైపు చూసి, చివరికి సిగ్గుపడుతూ ఏదో కొట్టాడు. తెరుచుకుంది. పక్కనే ఉన్న నేను చూడనట్టు నటించాను. ఇంటిపేరు, యాట్ గుర్తు, 123.

ఆ పాత కాపీలో పెన్‌డ్రైవ్ రికవరీ కీ ఉంది, పెన్‌డ్రైవ్‌లో మిగతావన్నీ ఉన్నాయి. వాడు ఊపిరి పీల్చుకున్నాడు, నేను ఆపాను. ఎందుకంటే ఆ తీరు పాస్‌వర్డుతో ఆ ఫోన్ అక్క చేతి నుంచి ఏ బస్సులోనో జారి ఉంటే సంగతేమిటి? 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ కంపెనీలో దొంగలు ఖాతాదారుల పెట్టెల బ్యాకప్‌లనే ఎత్తుకుపోయారు. లోపలి పాస్‌వర్డులకు తాళం ఉంది, ఏయే వెబ్‌సైట్లలో ఖాతాలు ఉన్నాయో చెప్పే చిరునామాలకు లేదు. ఆ తర్వాత మాస్టర్ మార్చుకుని లాభమేముంది, దొంగ దగ్గరున్నది పాత తాళంతోనే ఉంది కదా. లోపలి పాస్‌వర్డులన్నీ ఒక్కొక్కటిగా మార్చుకోవాల్సిందే. బలహీనమైన పాత కాపీ ఇంట్లో ఉంటే ఆపద్బాంధవుడు, బయట పడితే ఇంటిదొంగ.

ఇంతకంటే తేలిక దారి ఉందని మా బంధువుల్లో ఒకాయన సెలవిచ్చాడు. పెట్టెలోని పాస్‌వర్డులన్నీ సీఎస్వీ ఫైలుగా ఎగుమతి చేసి తన వాట్సాప్‌కు తనే పంపుకుంటాడట. ఆ ఫైలుకు తాళమూ లేదు గొళ్లెమూ లేదు, ఎక్సెల్ ఉన్న ప్రతివాడూ చదువుకోవచ్చు. ఆయన మాత్రం నిశ్చింతగా ఉన్నాడు. నాకు ఆయన కంటే ఆ జిరాక్స్ పిల్లాడి మీదే నమ్మకం, వాడు కనీసం నోటుబుక్కు కౌంటరు కింద పెడతాడు.

ఇవన్నీ మన పురాణాల్లో ఎప్పుడో ఉన్నాయని వాదించే పెద్దలు ఈసారి నిజంగానే గెలిచారు. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలన్నీ మూటగట్టి జమ్మిచెట్టు మీద దాచారు. ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కూడా కట్టి, మా ముసలితల్లి అని ప్రచారం చేశారు. దొంగల సంగతి అయిపోయింది. మరి తిరిగి తీసుకునే సంగతి? చెట్టు ఎక్కడుందో ద్రౌపదితో కలిపి ఆరుగురికి తెలుసు. అవసరం పడ్డనాడు అర్జునుడు చెట్టు కూడా ఎక్కలేదు, ఉత్తరకుమారుణ్ని ఎక్కించి దించుకున్నాడు. అంటే దారి తెలిసినవాడు చెబితే, ఏమీ తెలియని పిల్లాడు కూడా తీయగలిగేటట్టు దాచారు. గచ్చిబౌలిలో ఈ పరీక్ష పెడితే ఎంతమంది నెగ్గుతారో.

మేనల్లుడికి ఇది తగిలింది. మాస్టర్ పాస్‌వర్డు, గూగుల్ బ్యాకప్ కోడ్‌లు, పెన్‌డ్రైవ్ కీ, ఈ మూడూ ప్రింటర్ జోలికి పోకుండా పెన్నుతో కాగితం మీద రాశాడు. పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటరులో పెట్టి, ఆ కాగితం ఒక్కటే చూసుకుంటూ పెట్టె తెరుచుకుంటుందో లేదో చూశాడు. తెరుచుకుంది. కవర్లో పెట్టి, జిగురు అంటించి, దసరాకు ఊరొచ్చినప్పుడు వాళ్లమ్మకు ఇచ్చాడు, బీరువాలో పట్టాదారు పాస్‌బుక్కు పక్కన పెట్టమని.

'ఏముందిరా ఇండ్ల?'

'నాకేమన్న అయితే ఇప్పి చూడుర్రి.'

అక్క కవర్ వాడి మొహాన విసిరింది. 'పండుగ పూట గవేం పాడు మాటలురా!'

ఈ ఇబ్బందికి కంప్యూటరు శాస్త్రంలో మందు లేదు. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురిని నామినీలుగా పెట్టుకోవచ్చు. ఆ నలుగురి పేర్లు రాసేటప్పుడు మాత్రం మా దగ్గర ఎవరూ చావు మాట ఎత్తరు, 'ఫారంలో అడిగిండ్రు' అని రాస్తారు. పెట్టెకు అలాంటి ఫారం లేకపోవడమే చిక్కు. బిట్‌వార్డెన్ లాంటి వాటిలో అత్యవసర వారసుణ్ని పెట్టుకునే ఏర్పాటు ఉంది, వాడు అడిగాక మీరు పెట్టిన గడువులోగా కాదనకపోతే తెరుచుకుంటుంది. మా మేనల్లుడిది కీపాస్, ఒంటి ఫైలు.

అప్పుడు వాడికి 1979లో అడి షమీర్ అనే గణిత పండితుడు చెప్పిన ఉపాయం గుర్తొచ్చింది. రహస్యాన్ని మూడు ముక్కలు చేసి ముగ్గురికి పంచాలి. ఏ ఇద్దరు కలిసినా తెరుచుకుంటుంది. ఒక్కడి దగ్గరున్న ముక్కతో సగం కాదు, ఏమీ తెలియదు. ఒకటి పోయినా భయం లేదు. ఒకటి అమ్మకు, ఒకటి భార్యకు, ఒకటి పొలం గట్టు దగ్గర మూడేళ్లుగా మాటల్లేని బావకు ఇద్దామనుకున్నాడు. ఈ ముగ్గురిలో ఏ ఇద్దరూ వాడు బతికుండగా ఏకమయ్యే అవకాశం లేదు కనుక ఏఈఎస్ కంటే ఇదే గట్టి తాళమని వాడి లెక్క.

పంపకం అనే మాట ఊళ్లో పాకడానికి ఎంతసేపు? మర్నాడు పొద్దున్నే రచ్చబండ దగ్గర కుర్చీలు వేశారు. చాయ్‌లు వచ్చాయి. బావ తరఫున ఇద్దరు, కోడలు తరఫున ఇద్దరు. నా మేనల్లుడు లేచి షమీర్ సిద్ధాంతాన్ని గీతలు గీసి వివరించాడు. పెద్దమనిషి మధ్యలో అడ్డుపడకుండా, కళ్లు మూసుకుని, మొత్తం విన్నాడు.

'అంత మంచిగనే ఉంది గని బిడ్డా, మొత్తం ఎన్ని గుంటలుంటది? సర్వే నంబరెంత?'