వీధి మలుపు కెమెరా గారికి, సాలెగూడు సహా

మహారాజశ్రీ సీసీ కెమెరా గారికి,

తమరు స్తంభమెక్కిన రోజు నుంచి మా వీధివాళ్లకు కంటినిండా నిద్ర. అంతకుముందు కొత్త మనిషి కనబడితే గుమ్మంలోకి వచ్చి "ఎవరింటికండీ?" అని అడగాల్సి వచ్చేది. పక్కింటివాళ్లు ఊరెళ్తే వాళ్ల గేటు దగ్గర పడ్డ ఉత్తరాలూ కరపత్రాలూ తీసి దాచాల్సి వచ్చేది, పొద్దుగూకాక వాళ్ల వరండాలో లైటు వేయాల్సి వచ్చేది. ఇప్పుడా చాకిరీ తప్పింది. కెమెరా ఉందిగా అనుకుని తలుపులేసుకుంటున్నాం. తలుపేసుకోవడమంటే దగ్గరికి లాగడం వరకే లెండి. గడియ దాకా ఎవరు వెళ్తారు, కెమెరా ఉందిగా.

ముందు తమరి సింహాసనం సంగతి. ఎవరి చేతికీ అందకూడదని ఐదు మీటర్ల ఎత్తున కూర్చోబెట్టాం. వీధి మొత్తం కనబడాలని 2.8 మి.మీ. లెన్స్ ఎంచుకున్నాం. బిగించినతను ఫోన్‌లో చూపిస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడింది, మురిసిపోయాం. ఆ లెన్స్ పది మీటర్ల దూరంలో సుమారు 24 మీటర్ల వెడల్పు చూస్తుంది. తమరి బొమ్మలో అడ్డంగా ఉండే చుక్కలు (పిక్సెళ్లు) 1920. భాగించి చూస్తే మీటరుకు 80. మనిషి ముఖం 16 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే దానికి దక్కేవి 13 చుక్కలు. ముక్కూ మొహం తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరుకు 250 చుక్కలు ఉండాలని నిఘా రంగంలో వాడే లెక్క. ఆ లెక్కన తమరు వీధంతా చూస్తారు గానీ మనిషిని చూడరు. అదీ అంత పైనుంచి. కింద నడిచేవాడిది బట్టతలా టోపీనా అన్నంతవరకు సాక్ష్యం చెప్పగలరేమో.

రెండున్నర, మూడు మీటర్ల ఎత్తున 6 మి.మీ. లెన్స్‌తో మరొకరిని గేటు వైపు తిప్పి పెట్టి ఉంటే, ఎనిమిది మీటర్ల దూరంలో ఇంచుమించు ఎనిమిది మీటర్ల వెడల్పే చూసేవారు, ముఖం ముఖంలా పడేది. వెడల్పు చూపుకి ఒకరు, అందరూ తప్పనిసరిగా దాటాల్సిన ఇరుకు చోట ముఖాలకి ఒకరు అన్నది బిగించేవాళ్లందరికీ తెలిసిన పద్ధతే. కానీ ఇరుకు చూపు ఫోన్‌లో చూడటానికి బాగుండదు. మాకు చూడముచ్చటగా ఉండటం ముఖ్యం.

రాత్రి తమరి వైభవం వేరు. తమరి చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు మా కళ్లకు ఆనవు. పురుగులకు మాత్రం పండగ. పురుగులున్న చోటికి సాలీడు వస్తుంది, తమరి నుదుటి మీదే కాపురం పెడుతుంది. లెన్స్‌కి అంగుళం దూరంలో ఉన్న దారం ఆ వెలుగును తిప్పికొడితే బొమ్మంతా తెల్లటి పొగ. గూడు గాలికి ఊగినప్పుడల్లా తమరు "కదలిక! కదలిక!" అని ఫోన్లకు కబురు పంపుతారు. మూడో రాత్రికి అందరూ ఆ కబుర్లను మ్యూట్‌లో పెట్టేశారు. ఇక నిజంగా ఎవరైనా గోడ దూకినా ఆ మాట తమరికీ సాలీడుకీ మధ్యే.

వారానికోసారి పొడి మెత్తటి బ్రష్‌తో దులిపితే పోయే గూడు అది. పురుగుల మందు లెన్స్ మీద కొట్టకూడదు, పూత పాడవుతుంది. ఇన్‌ఫ్రారెడ్ దీపాన్ని విడిగా, ఓ మీటరు దూరంలో పెడితే పురుగులు అటు పోతాయి. ఇవన్నీ తెలిసినవాళ్లు వీధిలో ఉన్నారు. నిచ్చెన ఎవరిదన్న దగ్గర చర్చ ఆగింది.

ఇంకొక్క రాత్రి రహస్యం. ఆ వెలుగులో నల్లరంగు బట్ట కొన్నిసార్లు తెల్లగానో బూడిదగానో పడుతుంది. తమరి రికార్డు చూసి "తెల్ల చొక్కావాడు" అని వీధంతా వెతకడం తెల్ల చొక్కా వేసుకున్నవాడి ఖర్మ. బండి నంబరు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. నంబరు పలక వెలుగుని తిరగ్గొట్టేలా చేసిందే కాబట్టి తమరి కంటికి అది ఖాళీ తెల్ల కాగితం. దాన్ని చదవాలంటే సెకనులో 500వ వంతు కన్నా వేగంగా రెప్పవేసేలా అమర్చిన కెమెరా విడిగా ఉండాలి.

తమరి జ్ఞాపకశక్తిని వర్ణించడానికి మాటలు చాలవు, అంకెలు చాలు. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు రాస్తే రోజుకు 43 జీబీ. వీధిలో తమరు నలుగురు అన్నదమ్ములు కలిసి 172 జీబీ. లోపలున్న హార్డ్ డిస్క్ 1 టీబీ. ఆరో రోజు పూర్తి కాకముందే తమరు మొదటి రోజును చెరిపి దాని మీదే రాసుకుంటారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. తమరి దగ్గరైతే ఆరో రోజుకే ఆలస్యం. పది రోజులు ఊరెళ్లినవాళ్లు వచ్చి పగిలిన తాళం చూసి పరుగున తమరి దగ్గరికి వస్తారు. తమరు చూపించేది ఖాళీ వీధి, నిన్నటిది. వీడియోను ఇంకా కుదించి రాసే హెచ్.265 పద్ధతికి మారిస్తే దాదాపు రెట్టింపు రోజులు నిలుస్తుంది. కదలిక ఉన్నప్పుడే రాయమంటే ఇంకా ఎక్కువ, కాకపోతే కదలిక మొదలవడానికి ముందు పది సెకన్లు కూడా దాచమని సెట్టింగ్‌లో చెప్పాలి. లేకపోతే తమరి కథలన్నీ సగంలో మొదలవుతాయి.

అసలు మోసం ఇది కూడా కాదు. హార్డ్ డిస్క్ చచ్చిపోయినా తెర మీద ప్రత్యక్ష ప్రసారం చక్కగా వస్తూనే ఉంటుంది. తమరు చూస్తూ ఉంటారు, రాసుకోరు. ఉత్సవ విగ్రహం కూడా ఇంత నిశ్చింతగా ఉండదు. అందుకే నెలకోసారి తెరిచి చూడాల్సింది లైవ్ కాదు, నిన్న రాత్రి రెండింటప్పటి రికార్డు. అది వస్తే తమరు బతికున్నట్టు.

గడియారం గురించి అడగబోతే తమరు సిగ్గుపడతారేమో. లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయాక కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కొన్ని డీవీఆర్‌లు, అంటే తమరు చూసింది రాసుకునే పెట్టెలు, 2000 జనవరి 1కి వెళ్లి కూర్చుంటాయి. ఆ తేదీతో సాక్ష్యం ఇస్తే ఎదుటివాడి వకీలుకు పని తగ్గుతుంది. ఫుటేజీ తీసేటప్పుడు ఫోన్ గడియారాన్నీ డీవీఆర్ గడియారాన్నీ పక్కపక్కన చూసి ఎన్ని నిమిషాల తేడా ఉందో కాగితం మీద రాసుకోవాలి, గడియారాన్ని ఆ తర్వాతే సరిచేయాలి. తెర మీద ఆడుతున్న వీడియోను ఫోన్‌తో తీసి పంచడం ఫుటేజీ తీయడం కాదు. అసలు ఫైలునే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి, ఘటనకు ముందూ వెనకా అరగంట కలిపి. రెక్కీకి వచ్చినవాడు ఆ ముందు అరగంటలోనే ఉంటాడు.

పాస్‌వర్డు గురించి గట్టిగా మాట్లాడకూడదు గానీ, తమరిది ఇంకా కంపెనీ పెట్టిందే. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలా తాళం మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ లక్షల్లో చేరదీసింది. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి సైన్యమే వెబ్‌సైట్లకు దారి చూపే డైన్ అనే సంస్థ మీద పడితే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. కాపలా కాయమని పెడితే ఊళ్లు దోచే ముఠాలో చేరిపోయారన్నమాట. కంచె చేను మేయడం పాత మాట.

ఆ డీవీఆర్ పెట్టె ఉన్నదెక్కడ? గేటు పక్క గదిలో, బల్ల మీద, తాళం లేకుండా. తెలివైనవాడు వెళ్తూ వెళ్తూ దాన్నీ చంకన పెట్టుకుపోతాడు. మెయిన్ స్విచ్చి కూడా ఆ గదిలోనే, యూపీఎస్ కనుచూపు మేరలో లేదు.

ఇక తమరి సహధర్మచారిణి వాట్సాప్ గ్రూపు. పొద్దున పూల బొమ్మలతో శుభోదయాలు ముప్పై. వాటి మధ్యలో "ఎవరో అనుమానంగా తిరుగుతున్నారు, జాగ్రత్త" అని ఒకటి. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తున్నారో ఉండదు. మనిషి వాలకం చూసి కాదు, చేస్తున్న పని చూసి రాయాలి: వరసగా గేట్లు తోసి చూస్తున్నాడా, ఆపిన కార్ల తలుపులు లాగుతున్నాడా, ఒకే ఇంటి ముందు మూడోసారి ఆగాడా. సమయం, ఏ ఇంటి ఎదుట, ఎటు వెళ్లాడు, తలుపుతో పోలిస్తే ఎంత ఎత్తు, కాళ్లకేమున్నాయి. చొక్కా దారిలో మార్చేస్తారు, చెప్పులు మార్చడం తక్కువ. ముందు పోలీసులకు ఫోన్, తర్వాతే గ్రూపులో మాట. మా దగ్గర వరస తిరగబడింది. తమరి పదమూడు చుక్కల బొమ్మకు "దొంగ" అని పేరు పెట్టి నాలుగు గ్రూపులకు పంపాక, అతను పార్సిల్ ఇవ్వడానికి వచ్చి చిరునామా వెతుక్కున్నవాడని తేలితే దాన్ని వెనక్కి తెచ్చేవాడు లేడు. అలాంటి బొమ్మలు పట్టుకునే జనం అమాయకుల మీద పడి కొట్టిన సందర్భాలు చాలా చోట్ల ఉన్నాయి.

తమరిని పూర్తిగా తీసిపారేస్తున్నామనుకోకండి. కెమెరాల మీద జరిగిన పరిశోధనలను వెల్ష్, ఫారింగ్టన్ అనే ఇద్దరు నేరశాస్త్రవేత్తలు కలిపి చూస్తే, వాహనాలు నిలిపే చోట్ల నేరాలు సగానికి తగ్గాయి. అక్కడ కూడా చాలాచోట్ల తమరు ఒంటరిగా లేరు, మంచి లైట్లూ కాపలా మనుషులూ తోడున్నారు. మిగతా చోట్ల తమరి ప్రభావం అంతంతమాత్రం. హింసాత్మక నేరాలనైతే ఆపినట్టు కనబడలేదు.

తమరి మెడలో వేసిన దండ నిజానికి ఇంకొకరికి పోవాలి. ఇంగ్లాండ్‌లో రోచ్‌డేల్ పట్టణంలోని కర్క్‌హోల్ట్ కాలనీలో 1980ల రెండో సగంలో ఇళ్ల దొంగతనాలను తగ్గించే పని చేపట్టారు. ఒకసారి దొంగతనం జరిగిన ఇంట్లోనే కొద్ది వారాల్లో మళ్లీ జరిగే అవకాశం ఎక్కువని వాళ్లు ముందుగా గమనించారు; దారి తెలిసిపోయింది, పోయిన వస్తువులు కొత్తవి వస్తాయని కూడా తెలుసు. కాబట్టి వీధంతా ఒకేలా కాయకుండా దొంగలు పడిన ఇంటికి వెంటనే తలుపులూ కిటికీలూ గట్టి చేసి, చుట్టూ ఉన్న అరడజను ఇళ్లవాళ్లను ఆ ఒక్క ఇంటి మీద కన్నేసి ఉంచమన్నారు. గ్యాస్‌కీ కరెంటుకీ ఇళ్లలో ఉన్న నాణేలు వేసే మీటర్లలో డబ్బు ఉండేది, వాటిని తీసేశారు. దొంగతనాలు బాగా తగ్గాయి. ఆ కళ్లు ఆరిళ్లవాళ్లవి. వాటికి బిళ్ల బ్యాటరీ అక్కర్లేదు.

మా వీధిలో ఆరిళ్లు కలవడం కన్నా అరవై కెమెరాలు కొనడం సులువు. చౌకట్టుకు గడియ దూరే పట్టీని బిగించిన స్క్రూలు పొట్టివి, ఒక్క తన్నుకు గడియతో పాటు చౌకట్టు చెక్క ఊడి వస్తుంది, 75 మి.మీ. స్క్రూలు వేస్తే గోడ దాకా పట్టు దొరుకుతుంది. ఆ మాట చెబుతుంటే జనం తమరి కొత్త మోడల్లో రంగు రాత్రిచూపు ఉందా అని అడుగుతున్నారు.

ఈ లేఖను తమరి స్తంభం కింద, ముఖానికెదురుగా ఎత్తి పట్టుకుంటాం. అక్షరాలు కనబడవని తెలుసు. ఎవరో ఏదో తెల్లటిది పట్టుకున్నారన్నంతవరకు నమోదు చేసుకోగలరు, సాలీడు అడ్డు రాకపోతే.

ఇట్లు,
గడియ వేసుకోని వీధివాసులు
తేదీ (తమరి గడియారం ప్రకారం): 2000 జనవరి 1