అయ్యా 5.7, ఇంక దిగు సామీ

మైఎస్‌క్యూఎల్ 5.7 గారికి,

తిరపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో మా ఆఫీసు మూలన, ఏసీ నీళ్ళు కారే చోట, బకెట్ పక్కన ఉండే పాత డేటాబేస్ సర్వర్‌వి, మా బుకింగులన్నీ దాచిపెట్టేదానివి, నీకు నమస్కారం. ఈ ఉత్తరంలో తిట్లు ఎక్కువే ఉంటాయి, గంగమ్మ జాతరలో తిట్టినట్టు అనుకో, అక్కడ తిట్టేది మొక్కుబడి గదా, తల్లికి కోపం రాదు. నువ్వు గూడా గమ్మున విను.

నువ్వు వచ్చింది 2015 అక్టోబర్‌లో, నీకు నూకలు చెల్లింది 2023 అక్టోబర్‌లో, 5.7.44 అని ఆఖరిదొకటి ఇచ్చేసి సరి. ఇంక ప్యాచ్‌లు, అంటే రిపేర్లు, రావు అని ఊరంతా తెలిసినాక గూడా నిన్ను నెత్తిన పెట్టుకునే తిరిగినాం, నువ్వు బాగుండావని కాదు సామీ, నిన్ను ముట్టుకుంటే ఏం కూలుతుందో అని. ఆ భయానికి మా సార్ మీటింగుల్లో 'స్టెబిలిటీ' అని పేరు పెట్టినాడు.

నీ తర్వాత వచ్చిన 8.0కి మారుద్దాం అనుకోలేదా అంటే అనుకున్నాం, అయితే మనది లాడ్జీల బుకింగ్ సాఫ్ట్‌వేర్ గదా, రెండు గంటలు ఆపాలంటే ఎప్పుడు ఆపేది? శుక్రవారం, శనివారం, ఆదివారం మాటే ఎత్తకూడదు, మంగళవారం అంటే ఎండాకాలం సెలవలు, సెలవలు అయినాక చూద్దామంటే బ్రహ్మోత్సవాలు, ఆ పక్కనే పెరటాసి శనివారాలకి తమిళోళ్ళ బస్సులు, అది దాటితే ముక్కోటి ఏకాదశి, జనవరి ఒకటి, సంక్రాంతి, పోనీ రేత్రి రెండింటికి చేద్దామంటే అప్పుడే రైలు దిగి పిల్లోళ్ళను భుజాన ఏసుకుని రూం ఉందా అన్నా అని వచ్చేస్తారు. రష్ లేని రోజు చూసి చెయ్యండప్పా అంటాడు సార్. తిరపతిలో రష్ లేకుండా ఉండింది ఒక్క లాక్‌డౌన్‌లోనే. అప్పుడు అడిగితే 'బిజినెసే లేదు, ఇప్పుడెందుకప్పా ఖర్చు' అన్నాడు.

చివరికి మొన్న అప్‌గ్రేడ్ చెకర్ (మారితే ఏమేం అడ్డొస్తాయో ముందే చెప్పేది) నడిపితే లిస్టు సర్వదర్శనం క్యూ మాదిరి పోతానే ఉండాది. గ్రూప్స్ అనే మాట, ర్యాంక్ అనే మాట 8.0లో రిజర్వ్‌డ్ అంట, అది తన సొంతానికి పెట్టుకున్న మాటలు, మనం ఊరికే పేర్లుగా వాడకూడదంట. మా మెయిన్ టేబుల్ పేరేంది? గ్రూప్స్. సేలం నించి, వేలూరు నించి గుంపుగా వచ్చేవాళ్ళ బుకింగులు అందులోనే. దాంట్లో ఎవరికి ముందు రూం ఇయ్యాలో చెప్పే కాలమ్ (నిలువు గడి) పేరేంది? ర్యాంక్. మనకు తెలిసి రిజర్వేషన్ అంటే రూములకి, రైలు బెర్తులకి, మాటలకి గూడా ఉంటుందని ఎవరనుకుంటారు. కీబోర్డులో ఎస్కేప్ కింద ఒక వంకర చుక్క ఉంటుంది చూడు, పేరుకి అటొకటి ఇటొకటి అది పెడితే సరిపోతుందంట, పెట్టినాం, నాలుగు రోజులు, ఇద్దరం, కోడ్ అంతా వెతికి వెతికి.

నీలో డేటా అంతా ఒక ఫైలుగా డంప్ తీసి కొత్త మిషన్‌కి ఎత్తుకుపోతే 8.0 లేవనే లేదు. ఎందుకంటే నీ కాన్ఫిగ్ ఫైల్, అంటే సెట్టింగుల ఫైల్, అట్లే కాపీ కొట్టినాం, అందులో క్వెరీ క్యాష్ సైజ్ అని ఒక లైను. క్వెరీ అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, దాని జవాబు దాచిపెట్టే క్వెరీ క్యాష్ అనేదే 8.0లో పీకేసినారు, ఆ లైను చూస్తే 'అన్‌నోన్ వేరియబుల్' అని సర్వర్ స్టార్టే కాదు. ఎర్రర్ లాగ్‌లో అంత స్పష్టంగా రాసుంటే మేం దాన్ని తెరవకుండా మూడు సార్లు రీస్టార్ట్ కొట్టి, ఒకసారి గోవిందా అని గూడా కొట్టినాం. ఆ క్యాష్ తీసేసినాక తెలిసింది ఇంకోటి, మా క్వెరీలు స్పీడని ఇన్నేళ్ళు మురిసిపోయినాం గదా, పుస్తకం వెనక సూచిక మాదిరి తొందరగా వెతికిపెట్టే ఇండెక్సే లేదు వాటికి. నువ్వు పాత జవాబే దాచిపెట్టుకుని మళ్ళీ మళ్ళీ చేతిలో పెడతాంటివి.

అన్నిటికన్నా ఏడిపించింది వరస. రెండో రోజు పొద్దున్నే ఒక లాడ్జి రిసెప్షన్ పిల్లోడు ఫోను, అన్నా లిస్టులో 301 పక్కన 104 వస్తాండాది, దాని కింద 212, నాకు తల తిరగతాండాది అని. పాలెగాడు దాక్కుంటే గంగమ్మ వేషాలు మార్చి వెతికినట్టు నేను గూడా బ్రౌజర్ మార్చి, లాగిన్ మార్చి, ఆఖరికి సీటు గూడా మార్చి వెతికినా. చూస్తే ఏముంది, క్వెరీలో గ్రూప్ బై (ఒకే రకమైనవి ఒకచోట చేర్చమనే మాట) పెడితే నువ్వు అడక్కుండానే వరసగా సర్ది ఇస్తాంటివి, 8.0 ఆ పని మానేసింది, వరస కావాలంటే ఆర్డర్ బై రాయాల్సిందే. రాయాలని మాకు ఎవరు చెప్పినారు? అలవాటు చేసింది నువ్వే గదా, ముద్దలు కలిపి నోట్లో పెట్టి పెట్టి ఇప్పుడు పిల్లోడికి చెయ్యి కడుక్కునేది గూడా రాకుండా చేస్తివి.

అయినా అయిపోలేదు. 8.0 వచ్చింది 2018 ఏప్రిల్‌లో, దానికి గూడా 2026 ఏప్రిల్‌తో సరి, మళ్ళీ 8.4కి ఎక్కాలి. నేరుగా 8.4కే దూకుదామంటే కుదరదు, 8.0లో కాలు మోపే పోవాలి, అలిపిరిలో మెట్టు వదిలేస్తే మొక్కు చెల్లదు గదా అట్ల. 5.7 తర్వాత 8.0 అని పేరు పెట్టి నడుమ మెట్లన్నీ మింగినోళ్ళకి ఆ రూల్ లేదు, మనకే.

సరే, మొన్న సోమవారం నీ వైరు పీకేసినా. ఆయుధపూజకి పెట్టిన కుంకుమబొట్టు ఇంకా అట్లే ఉండాది నీ మీద, చూస్తే కొంచెం బాధేసింది, అబద్ధం ఎందుకు. పదకొండింటికి అకౌంట్స్ అన్న వచ్చినాడు, ఏమప్పా నా షీట్ తెరుచుకోలేదే అని. చూస్తే ఆయన ఎక్సెల్ నీకే తగిలించి ఉండాది. కొత్త సర్వర్‌కి మారి అప్పటికి తొమ్మిది రోజులు, అంటే తొమ్మిది రోజులుగా ఆయనకి అవే లెక్కలు, రూపాయి అటూ ఇటూ లేకుండా. 'ఈ నెల బిజినెస్ నిలకడగా ఉండాది సార్' అని రిపోర్ట్ గూడా ఇచ్చినాడంట, సార్ సంతోషపడి మధ్యాహ్నం అందరికీ బిరియానీ చెప్పినాడు.

తిన్నాం. తిని చేయి కడుక్కుని వచ్చి, ఎవరూ చూడకుండా నీ వైరు మళ్ళీ తగిలించినా.

ఇట్లు,
నీ డీబీఏ, అంటే డేటాబేస్ చూసుకునేవాడు
(పిలిచేది అట్ల, జీతం మాత్రం సపోర్ట్ వాళ్ళది)